పెద్ద గాలిపటమే కావాలన్నాడు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. మా ఆయన భిలాయి ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి సముద్రంలో జారేవాళ్లని టీవీలో చూశాడు. ఇంకేముంది, టార్పాలిన్‌తో చిన్నదొకటి, పెద్దదొకటి గాలిపటాలు కుట్టి, చెక్కకి చక్రాలు బిగించాడు.

ఆరోజు సెక్టర్ 6 మైదానంలో ఈదురుగాలి. "చిన్నది చాలు" అన్నాను.

"బరువెక్కువైతే పెద్దదే కట్టాల. క్రేన్ నడిపేవోడికి నువ్వు చెప్తావేటి?" అంటూ పెద్దదాని తాడు తన సేఫ్టీ బెల్టు హుక్కుకి తగిలించాడు.

గాలిపటం లేచింది. చెక్క అక్కడే ఉంది, మనిషి కంకర మీద బోర్లా ఈడ్చుకుపోతున్నాడు.

"హుక్కు తియ్యి!"

"పనిలో ఉండగా హుక్కు తియ్యకూడదే, ప్లాంటు రూలు!" అని నామీదే అరిచాడు.

పరిగెత్తి, తాడు కొయ్యడానికి తెచ్చిన కత్తితో తెంపాను.

ఇంట్లో గాయాలు తుడుస్తుంటే, "మంచి గాలిపటం పోగొట్టేసినావు" అన్నాడు. చేతిలో టింక్చరు సీసా ఉంది. మొత్తం గాయాల మీద ఒంపేశాను. ఆ కేక తలుచుకుంటే నాకిప్పటికీ జాలెయ్యదు.