కుడికి తిప్పితే ఎడమకు పోయే జీపు

మొన్న నంద్యాలలో నా జీపు కోర్టు గోడను గుద్దిన సంగతి మీకందరికీ తెలిసిపోయినట్టుంది. ఆళ్లగడ్డలో ఒక్కొక్కడు ఒక్కో రకం చెప్తాండాడు. తాగినాడంట, నిద్రపోయినాడంట. కాదప్పా. టీ తాగుతా వినండి, నేనే చెప్తా.

మద్రాసులో మిలిటరీ వాళ్లు వేలమేసిన జీపు తెచ్చుకుంటి గదా. మన నల్లరేగడిలో వాన పడితే చాలు, దాని కడుపు బురదకానుకొని కూర్చుంటాంది. అందుకని పాత లారీ కమాన్ పట్టీలు, అదే ఇరుసు మీద బండి బరువు మోసే ఉక్కు పట్టీలు, ఎక్కిచ్చి జీపును జానెడు పైకి లేపితి. చూసినోళ్లు ఒంటె మాదిరి ఉందనిరి. అంతవరకూ బాగనే ఉండె. కానీ స్టీరింగు తిప్పితే కింద చక్రాలను తిప్పే రాడ్డు పోయి ఆ కొత్త పట్టీలకు రుద్దుకుంటాంది. కర్రుకర్రుమని ఒకటే మోత.

స్టీరింగు పెట్టె నుంచి కిందికి ఒక ఇనుప చెయ్యి వేలాడుతుంటాది. దాని కొసకే ఆ రాడ్డు బిగిచ్చింటారు. చెయ్యిని ఊడదీసి తలకిందులుగా పెడితే రాడ్డు కూడా పైకి పోతాది, ఇంక రుద్దుకోదు. ఈ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకుంటి. దాని నట్టు ఊడేటప్పటికి నా రెండు భుజాలూ ఊడినట్టే ఆయ.

మోత పాయ. కుడికి తిప్పితి. జీపు ఎడమకు పోయి గడ్డివామిలో దూరె. చెయ్యి తలకిందులైతే అది ఊగేది కూడా తలకిందులే అయితాదని అప్పుడు తెలిసె.

నా పెండ్లాం సుశీలమ్మ వామికాడికొచ్చి, "మళ్లీ ఊడదీసి ఉన్నట్టే పెట్టగూడదా?" అనె.

ఆ నట్టును తలుచుకుంటేనే ఒళ్లు నొచ్చె. "ఏం అక్కర్లేదు, నేనే అలవాటు చేసుకుంటా" అంటి. కళ్లంలో తిప్పి తిప్పి, ఎడమకు పోవల్లంటే కుడికి తిప్పేది చేతులకు పట్టిచ్చితి. కొన్నాళ్లకు ఆలోచించకుండానే వచ్చె.

అప్పుడే మా మామ దిగబడె. సుశీలమ్మ నాయన. నంద్యాలలో ఆయన పొలం కేసు ఆఖరి వాయిదా. చాగలమర్రి నుంచి వచ్చి నంద్యాలకు పోయే బస్సు తప్పిపాయ. టయానికి పోకుంటే కేసు కొట్టేస్తారంట.

"జీపుండాది గదా మామా" అంటి. సుశీలమ్మ ఏందో చెప్పబాయ. నేను కళ్లతోనే నోరు మూయిస్తి.

దోవలో మామ చానాసేపు నా చేతులే చూస్తాండె.

"ఏమప్పా, నువ్వు ఆపక్క తిప్పుతాండావ్, ఇది ఈపక్క పోతాంది?"

"మిలిటరీ బండి మామా. శత్రువుకు తెలీకుండా అట్ల చేసింటారు."

మామ తలగుడ్డ బిగిచ్చి కట్టుకునె. ముందర కమ్మీ రెండు చేతులా పట్టుకొని నంద్యాల దాకా వదల్లేదు. టయానికైతే చేరితిమి.

ఆయన కోర్టులోకి పోతానే నాకు భయం పట్టుకునె. ఊరంతా జట్కాలు, సైకిళ్లు, లారీలు. కోర్టు గోడ పక్కనే ఒక మెకానిక్కు షెడ్డుంటే జీపు తోసుకొని పోతి. ఆయప్ప కింద దూరి చూసి, "ఇట్ల పెట్టిందెవరు?" అనె.

"తెలీదప్పా, కొన్నప్పుడే అట్లుండె" అంటి.

ఆయప్ప ఆ ఇనుప చెయ్యిని మళ్లీ కిందికి పెట్టి, పట్టీలకు తగలకుండా రాడ్డును కాల్చి కొంచెం వంచిచ్చె.

సాయంత్రం మామ నవ్వుకుంటా షెడ్డుకాడికొచ్చె. పొలం ఆయనకే వచ్చింది. "కూర్చో మామా, ఇప్పుడు అందరి బండ్ల మాదిరే పోతాది" అంటి. ఆయన కమ్మీ పట్టుకోకుండా హాయిగా కూర్చునె.

రోడ్డెక్కితిమో లేదో, ముందర ఒక జట్కా నిలబడె. కుడికి తప్పిద్దామనుకుంటి. నా చేతులు వాటి అలవాటు ప్రకారం ఎడమకు తిప్పె. జీపు బుద్ధిగా ఎడమకే పోయి కోర్టు గోడను గుద్దె. గోడ కొంచెం కూలె. ప్లీడర్లూ బంట్రోతులూ అందరూ బయటికొచ్చిరి.

మామ దిగి తలగుడ్డ దులుపుకునె. "నా కేసు అయిపాయ. నీది మొదలైతాంది. నేను బస్సుకు పోతా" అని తిరిగి చూడకుండా పాయ.

ఇప్పుడు జీపు కొట్టంలో ఉండాది. దానికి ఏ రోగమూ లేదు. నిన్న ఎద్దులబండి కట్టుకొని చేనికి పోతి. కుడిపక్క దోవకు మళ్లల్లని ఎడమ పగ్గం లాగితి. ఎద్దు నిలబడి, ఎనక్కి తిరిగి నా మొగం చూసి, దానంతటదే కుడికి పాయ.