ప్యాకెట్టుకి కిటికీ ఎక్కడ పెట్టాలి

మా వైపు ఎవరికైనా ఏదైనా చూపించి "ఎలా ఉంది?" అని అడగకూడదు. అడిగితే "బాగుందండి" అంటారు. కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందండి, పిల్ల పాటలో శ్రుతి తప్పినా బాగుందండి. ఎదుటి మనిషి మొహం చిన్నబోతుందేమోనని అంత భయం మాకు. మర్యాదే, కాదనను. కానీ బొమ్మలు గీసి, అక్షరాలు పేర్చి బతికే నాలాంటిదాన్ని ఆ మర్యాద ఒకసారి నిలువునా ముంచబోయింది.

నేను కాకినాడలో, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని డిజైన్ పని చేస్తాను. పెళ్ళి కార్డులు, ట్యూషన్ సెంటర్ల బోర్డులు, షాపుల ఓపెనింగ్ ఫ్లెక్సీలు. ఒక సరుకుకి పేరు, గుర్తు, రంగు, ప్యాకెట్టు అన్నీ మొదటి నుంచీ నేనే తయారుచేయడం మాత్రం అప్పటిదాకా ఎరగను. ఆ సరుకు ఎండు నెత్తళ్ళు, వేలెడేసి చిన్న చేపలు.

వాటిని ఉప్పాడ నుంచి ఒకావిడ తెచ్చేది. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు నుంచే వారానికోసారి నెత్తిన బుట్టతో మా వీధిలోకి వచ్చేది. మా అత్తయ్యగారు రిటైరైన టీచరు. ఆవిడ పిల్లలకి లెక్కలు ఎంత ఓపిగ్గా చెప్పారో చేపల బేరం కూడా అంత ఓపిగ్గా ఆడేవారు. ఇద్దరికీ అదొక సరదా.

ఒకరోజు చేపలావిడ మా అరుగు మీద కూలబడి మోకాళ్ళు పట్టుకుంది.

"డాక్టరుగారు ఇంక బరువు మొయ్యొద్దన్నారండి. బుట్ట మానేత్తే నేనేం సెయ్యనండి? ముప్పై ఏళ్ళ నుంచి నాకు తెలిసిందిదొక్కటే కదండి."

పాపం అనిపించింది. నాకు నోరు ముందు, బుర్ర వెనక. "ప్యాకెట్లలో పెట్టి షాపులో అమ్ముదాం అక్కా. ప్యాకెట్టు సంగతి నేను చూసుకుంటాను" అనేశాను. రాజమండ్రిలో ఒక సూపర్ మార్కెట్ యజమాని తెలుసు, ఆయన షాపు బోర్డు నేను చేసిందే. ఆయన సరేనన్నారు, ఒక షరతు మీద. నలభై ప్యాకెట్లు పెట్టి నెలరోజులు చూస్తారు. కదిలితే మళ్ళీ తెప్పిస్తారు, కదలకపోతే తీసేస్తారు, రెండోసారి అడగకూడదు. అంటే ఆవిడ తన చేపలు తాను అమ్ముకుంటుందా, ఉత్త చేతులతో ఇంట్లో కూర్చుంటుందా అన్నది నేను చేసే ప్యాకెట్టు మీద ఆధారపడింది.

వారం రోజులు కూర్చుని చేశాను. గంధం రంగు కవరు, మీద సన్నటి గీతలతో ఒక కెరటం, కింద ఆవిడ పేరు. పై భాగంలో లోపలి సరుకు కనపడేలా గుండ్రటి చిన్న కిటికీ. "కిటికీ దగ్గరికి మంచి మంచివి వచ్చేలా సర్దండి అక్కా" అని చేపలావిడకి చెప్పాను కూడా. ఆ విద్య నేను ఆవిడకి నేర్పాలా!

అత్తయ్యగారికి బడిలో ఒక పద్ధతి ఉండేది. పేపరు ఇచ్చేముందు పిల్లలు తమకి తామే మార్కులు వేసుకుని, పక్కన కారణం రాయాలి. ఆ తర్వాతే ఆవిడ ఎర్ర పెన్ను తీసేవారు. ఆ అలవాటు నాకూ అంటించారు. ఒక కాగితం మీద రాసుకున్నాను: రంగు, పదికి తొమ్మిది. అక్షరాలు, తొమ్మిది. బొమ్మ, పదికి పది. కాకి పిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

పోనీ నలుగురినీ అడుగుదామని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద అందరికీ చూపించాను. బాగుందండి. భలే ఉందమ్మా. అత్తయ్యగారు కూడా ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుందమ్మా" అన్నారు. చేపలావిడైతే "మారాణీలాగుందండి" అంది. ఇంక నేను నేల మీద నడిస్తేగా.

పది రోజుల తర్వాత రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది.

"ప్యాకెట్లు చాలా బాగున్నాయండి" అన్నారు షాపాయన. "కానీ ఏంటోనండి, కదలట్లేదు. మూడే పోయాయి."

ఫోను పెట్టేసి ఇంట్లో తాండవం చేశాను. షెల్ఫు ఎక్కడో మూల ఇచ్చి ఉంటారన్నాను. ఆ ఊరివాళ్ళకి రంగుల విలువ తెలీదన్నాను. అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస. నీ పేపరు నువ్వు మళ్ళీ దిద్దుకో, పో" అన్నారు.

ఒళ్ళు మండింది. అయినా కాగితం తీశాను. రంగు, అక్షరాలు, బొమ్మ. అన్నీ నాకు నచ్చాయా అన్న ప్రశ్నలే. కొనే మనిషి ఏం చూస్తుంది, దేన్నిబట్టి నమ్ముతుంది అన్న వరస ఒక్కటీ లేదు. నేను రాసిన ప్రశ్నపత్రానికి నేనే జవాబు రాసి, నేనే మార్కులు వేసుకున్నానన్నమాట. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బస్సెక్కాను. షాపాయన్ని బతిమాలి ఒక స్టూలు సంపాదించి, ఉల్లిపాయల బస్తాల పక్కన కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగకూడదు, ఊరికే చూడాలి అని ముందే అనుకున్నాను.

మొదట ఒకావిడ వచ్చింది. ప్యాకెట్టు తీసి "ఎంత బాగుందే" అని పక్కావిడకి చూపించింది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత దాన్ని తలకిందులు చేసింది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. కింది భాగాన్ని వేళ్ళతో నొక్కి చూసి, మొహం అదోలా పెట్టి, ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఇంకో ముసలావిడా అంతే. ఆఫీసు బ్యాగుతో వచ్చిన అమ్మాయీ అంతే. మధ్యాహ్నానికి ఆరుగురు తలకిందులు చేశారు, ఆరుగురూ పెట్టేశారు.

ఏడో ఆవిడ ప్యాకెట్టు తిప్పుతుంటే, నా కళ్ళ ముందు మా అరుగు మీద అత్తయ్యగారు మెదిలారు. చేపలావిడ బుట్ట మీది గుడ్డ తీయగానే అత్తయ్యగారు పైనున్న చేపల వంక చూడనైనా చూడరు. చెయ్యి తిన్నగా బుట్ట కిందికి దూర్చి గుప్పెడు బయటికి తీస్తారు. "పైన పెద్దమనుషులు, కింద ఇసక" అని ఎత్తిపొడుస్తారు. అమ్మేవాళ్ళు మంచివి పైన పెడతారు, కొనేవాళ్ళు కింద చూస్తారు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎండుచేపల బేరమంటే ఇదే. ఇన్నేళ్ళు కళ్ళారా చూస్తూ, నేను కింద భాగమంతా మందంగా మూసేసి, కిటికీ పైన పెట్టాను. ఏదో దాచామని దండోరా వేసినట్టే కదా! నా మొహంలా ఉంది డిజైను.

ఇంటికొచ్చి అడిగాను. "అత్తయ్యగారూ, ఆ రోజు మీరు కూడా ప్యాకెట్టు తిప్పి చూశారు. నిజం చెప్పండి, అప్పుడే అనిపించింది కదూ?"

"అనిపించింది" అన్నారు ఆవిడ, తల వంచుకుని. "నువ్వంత మురిసిపోతుంటే ఎలా చెప్పనమ్మా?"

ఊరందరి పిల్లల పేపర్లూ ఎర్రగా చేసిన మనిషి! కోపం రాబోయి నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పటి నుంచి "ఎలా ఉంది?" అనడం మానేశాను. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద వేరేలా అడిగాను. "ఇది కొనకపోవడానికి ఒక్క కారణం చెప్పండి, సాయం చేసినవాళ్ళవుతారు." సాయం అనేసరికి మర్యాద అడ్డు తప్పుకుంది కాబోలు, కట్ట తెగినట్టు చెప్పారు. తేదీ ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకున్నా కనపడలేదన్నారు. కెరటం చూసి పాల ప్యాకెట్టు అనుకున్నానని ఒకాయన అన్నారు. ఒక్కొక్క మాటా చురుక్కుమంది. అన్నీ రాసుకున్నాను.

కెరటం తీసేసి నెత్తళ్ళే గీశాను. తేదీ పెద్దది చేశాను. కిటికీ కిందికి తెచ్చి, ఈ చివరి నుంచి ఆ చివరికి వెడల్పుగా పెట్టాను. ఆ నమూనా పట్టుకుని ఉప్పాడ వెళ్ళాను. సముద్రం కోసుకుపోగా మిగిలిన కాస్త జాగాలో చేపలావిడా, ఆవిడ తోడికోడలూ ఇసక మీద చేపలు ఎండబెడుతున్నారు. నమూనా చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"కిందా? కింద పెడతారేంటండి కిటికీ? నా నోట్లో మట్టి కొడతారేంటండి? కింద పొడుంటాది, ఇసకుంటాది, ఇరిగిన తలకాయలుంటాయి. అయి సూసి ఎవరు కొంటారండి? కుర్సీలో కూకుని బొమ్మలేసుకునేవోరికి మీకేం తెలుత్తాదండి!"

ఇంకొకరెవరైనా అంటే గయ్యిమని లేచేదాన్ని. అప్పుడు మాత్రం, అమ్మయ్య అనిపించింది. నా పని గురించి ఆవిడ మనసులో మాట అనడం అదే మొదలు.

"కింద కనపడనివ్వకపోతే ఎవరూ కొనట్లేదు అక్కా. నేను కూర్చుని చూశాను. మా అత్తయ్యగారు మీ బుట్టలో చెయ్యి ఎక్కడ పెడతారు?"

ఆవిడ గుప్పెడు చేపలు ఎత్తి దులిపింది, ఇసక రాలింది. "ఆయమ్మగారి చెయ్యి కిందికే ఎల్తాదండి" అంది. "అయితే జల్లించాలండి. ఇసక మీద ఆరెయ్యకూడదు. ఎత్తుగా తడికెలు కట్టి, వల పరిచి ఆరెయ్యాలి" అంది.

"చేస్తారా?"

"జల్లించడం కూకుని సేసే పనే కదండి. మోకాళ్ళతో పనేంటండి."

అమ్ముడుపోని ముప్పై ఏడూ వెనక్కి తెప్పించి, విప్పి, జల్లించి, కొత్త కవర్లలో పోసి పంపాం. నెల పూర్తవడానికి ఇంకా రెండు వారాలుంది. రోజూ నాకు నేనే మార్కులు వేసుకుంటూ గడిపాను. ఏ రోజూ పదికి ఆరు దాటలేదు. అన్నం సయించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేదాన్ని.

తొమ్మిదో రోజు మోగింది. "అమ్మా, ఆ నెత్తళ్ళ సంగతి..." అని షాపాయన ఎవరితోనో మాట్లాడ్డానికి ఆగారు. ఆ ఆగడంలో నేను సగం చచ్చాను. "అయిపోయాయండి. ఒకావిడ మళ్ళీ ఎప్పుడొస్తాయని కౌంటరు దగ్గర పేచీ పెట్టి వెళ్ళారు. ఈసారి వంద పంపండి."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతున్నాను. అత్తయ్యగారు ఏమైందోనని కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

ఆ వారం చేపలావిడ మా ఇంటికి వచ్చింది. నిండు బుట్టని తల మీంచి ఎవరూ ఒంటరిగా దింపుకోలేరు, గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక చెయ్యి వేయాలి. బేరంలో ఎంత బిగదీసినా, అత్తయ్యగారు ఆ చెయ్యి వేయడం మాత్రం ఏనాడూ మరిచిపోలేదు. గేటు చప్పుడు కాగానే ఆ రోజు కూడా రెండు చేతులూ పైకెత్తి ఎదురెళ్ళారు. ఆవిడ తల మీద ఏమీ లేదు. ఎత్తిన చేతులు ఏం చేయాలో తెలియక అత్తయ్యగారు వాటిని ఆవిడ భుజాల మీద వేశారు.

"ఏంటి, ఉత్త చేతులతో వచ్చావు?"

"మిమ్మల్ని సూసెల్దామనొచ్చానండి."

"అయితే లోపలికి రా. కాఫీ తాగుదాం" అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ చెప్పులు విడిచి, కాస్త తటపటాయించి, గడప దాటింది. ఇన్నేళ్ళలో ఆవిడ మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారని నాకు అప్పుడు తట్టింది.