ప్రసాదమైపోయిన గ్రహాలు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పేరు ‘రాతి గ్రహాలు, చంద్రుడు: పోలికలు’. ఈ కాలంలో బడి ప్రాజెక్టు పిల్లలది, చాకిరీ తండ్రిది కాబట్టి, సౌర కుటుంబాన్ని పునర్నిర్మించే బాధ్యత సృష్టికర్త నా మీద పెట్టాడు. అందరి తండ్రుల్లా థర్మాకోల్ బంతులకు రంగులేయడం నా స్థాయికి తగదు. మోండా మార్కెట్ నుంచి మినుములు, బెల్లం, ఖర్జూరం మోసుకొచ్చాను. కార్ఖానా పేటలో మా వంటింట్లో నెయ్యి కాగితే అంత దూరాన సీతాఫల్‌మండిలో తుమ్మారని వినికిడి.

గ్రహాలు కరిగి ఉన్నప్పుడు బరువైన ఇనుము లోపలికి దిగిపోయింది, తేలికైన రాయి పైన మిగిలింది. అందుకని ఖర్జూరం ముద్ద ఇనుము, సున్నుండల పిండి రాయి. బుధుడికి లోపలంతా ఖర్జూరమే, పైన పిండి పేరుకే. చంద్రుడికి చిటికెడు ఖర్జూరం. శుక్రుడు, భూమి దాదాపు ఒకే సైజు, అంగారకుడు వాళ్లకంటే చిన్న. గాలి లేని చోట పడ్డ గుంటలు చెరిగిపోవు గనుక బుధుడికీ చంద్రుడికీ బొటనవేలితో గుంటలు నొక్కాను. తరగతిలో కోసి చూపించాలని పథకం. పోయినసారి నోరు పెగలక తరగతిలో నవ్వులపాలైన పిల్లకి ఈసారి ఇదే ఆధారం.

మర్నాడు శుక్రవారం. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు తెల్లారే లేచి, పళ్లెంలో సున్నుండలు చూసి, అమ్మవారికి నైవేద్యం పెట్టి, అపార్ట్‌మెంటంతా పంచేసి, ఒకటి తనూ కొరికారు.

“అమ్మమ్మా, నా గ్రహాలేవీ?” అని పిల్ల ఘొల్లుమంది.

“గ్రహాలా? ఆ ముక్క ముందే చెప్పొద్దూ అల్లుడుగారూ! అయినా తొమ్మిదీ చెయ్యకుండా ఐదు చేసి వదిలేస్తారా ఎవరైనా? మిగతావాళ్లకి కోపాలు రావూ?”

పిల్ల నా ఫోను లాక్కుని మెట్లు దిగింది. వెనకే నేను. కింది ఫ్లాటాయన తలుపు తీసి బుధుణ్ణి చూపించాడు. “ఏందన్నా ఇది! ఒక్క కొరుకుకే పన్ను ఖర్జూరంల దిగింది. పిండి జెర సుత లేదు.”

“అదే అంకుల్, అదే! తినకండి!” అని పిల్ల ఫొటో తీసింది.

పై ఫ్లాటు పెద్దావిడ మాత్రం సగం కొరికిన చంద్రుణ్ణి పట్టుకుని కోపంగా నిలబడింది. “ఏం బిడ్డా, నా లడ్డుల ఖర్జూరం గింతేనా? కిరాయికుండేటోళ్లమని తక్కువ చేసిండ్రా?”

“అది చంద్రుడు అమ్మమ్మా. ఒకప్పుడు అంగారకుడంతటి గ్రహం వచ్చి భూమిని గుద్దింది. ఎగిరిపడిన రాయి ముద్దకట్టి చంద్రుడైంది. ఇనుము చాలామటుకు భూమిలోనే ఉండిపోయింది.”

“గుద్దినోడి ఇనుము సుత భూమే మింగిందా? అచ్చం మా ఓనర్ లెక్కనే!”

అంగారకుడూ శుక్రుడూ కూడా సగం సగం దొరికారు, భూమి మా ఇంట్లోనే దొరికింది. ఎంగిలివి బడికి తీసుకెళ్లడానికి మా ఆవిడ ఒప్పుకోదు కనుక పిల్ల ఫొటోలే పట్టుకెళ్లింది. ఇంటింటికీ చెప్పి చెప్పి నోరు తిరిగిందేమో, తరగతిలో ఆగకుండా చెప్పిందట. మార్కులన్నీ పడ్డాయి. భూమి మీద అంత పెద్ద గుంట ఏ ఉల్క చేసిందని టీచర్ అడిగితే, “మా అమ్మమ్మ కట్టుడు పళ్లు మేడమ్” అని నిజం చెప్పేసిందట.

అత్తగారు ఆ రాత్రే కాకినాడ బండెక్కారు.