పొగమంచులో అయిదు తాళాలు

ఒక పెళ్ళికూతురికి పెళ్ళిచీర లేకుండా చేయాలంటే మామూలు మనుషులకు ఎంతో కొంత దుర్బుద్ధి కావాలి. నాకు అదేమీ అవసరం రాలేదు. కేవలం జాగ్రత్తతో, పద్ధతితో, ఇరవై నిమిషాల్లో ఆ పని పూర్తిచేశాను. ఎలాగో చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, మొహమాటం వద్దు. మా ఆవిడ గ్రేస్ ఎనిమిదేళ్ళుగా నవ్వుతూనే ఉంది. మొదటి ఆర్నెల్లు మాత్రం నవ్వలేదు.

అప్పటికి నేను రిటైరై ఏడాది కాలేదు. అరవై ఆరేళ్ళ పసివాణ్ణి, లోకం తెలియదు. ఈ దేశమొచ్చి గ్వెల్ఫ్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు చేశాను. చూడడం, కొలవడం, రాయడం, సంతకం పెట్టడం. ఇంటికొచ్చాక కూడా అదే పని. నరసాపురం హైస్కూల్లో మొదలుపెట్టిన డైరీ ఇప్పుడుంటున్న మిల్టన్‌లో కూడా ఒక్క రోజు తప్పలేదు. ఇంత పద్ధతిగల మనిషి పొరపాటు చేస్తే అది కూడా ఎంత పద్ధతిగా ఉంటుందో ఊహించుకోండి.

రిటైరవగానే ఒక ట్రైలర్ కొన్నాం. అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని ఊరూరా లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. అద్దెకిచ్చే కంపెనీవాళ్ళు పాతబడ్డవాటిని అమ్మేస్తుంటే తీసుకున్నాం. తెల్లటి ఒళ్ళు, పక్కన నీలం గీత. మొదటిసారి లోపలికెళ్ళినప్పుడు నోరు తెరిచి నిలబడిపోయాను. పొయ్యి, ఫ్రిజ్, మంచం, స్నానాల గది! పెళ్ళైన కొత్తలో మేం కాపురం పెట్టిన గది దీనికన్నా చిన్నది. దానికి చక్రాలు కూడా లేవు.

ఆ ఆనందం నాలుగు రోజులుంది. అయిదో రోజు మా వీధిలో ఉండే వరంగల్ కుర్రాడు సుధాకర్ వచ్చి ట్రైలర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"మంచిగుంది అంకుల్. కానీ జర పైలం. మా ఆఫీసుల ఒకాయనది ఇంటిముంగట డ్రైవ్‌వేలకెళ్ళే ఎత్తుకపోయిన్రు."

"ఇంత పెద్దదాన్నా?"

"రెండు నిమిషాల పని అంకుల్. కొక్కేనికి తగిలిస్తరు, పోతరు. పొద్దున లేచి చూస్తే టైర్ల గుర్తులు మిగిలినయి."

నాకు భయం కంటే ముందు ఆశ్చర్యం కలిగింది. రెండు నిమిషాల్లో ఒక ఇల్లు! నాకు బూట్ల లేసులు కట్టుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఆ దొంగల మీద ఒకలాంటి గౌరవం ఏర్పడింది. అంతటివాళ్ళకు తగ్గట్టుగా నేనూ ఏదైనా చేయాలనిపించింది.

చేశాను. ముందువైపు కొక్కేనికి ఒక తాళం. రెండు చక్రాలకు రెండు పసుపు రంగు ఇనుప బిగింపులు, వాటికి రెండు తాళాలు. రైల్లో బెర్తు కింద పెట్టెను గొలుసుతో కట్టేసుకుని దాని మీదే పడుకుని పెరిగిన ప్రాణం కదా, ఒక లావుపాటి గొలుసు కూడా కొన్నాను. క్యాంపు స్థలంలో సిమెంటులో పాతిన ఇనుప బల్లలుంటాయి, గొలుసును చక్రంలోంచి తిప్పి ఆ బల్ల కాలికి కట్టడం. దానికి నాలుగో తాళం. ముందువైపు బయటినుంచి తెరుచుకునే సామాన్ల డిక్కీకి అయిదోది.

లోపలి సామాన్ల సంగతి? స్టీలు గిన్నెలు కొంటే పేరు కొట్టించుకోవడం మన అలవాటు. చిన్న మెషిన్ కొని అన్నిటి మీదా నా పేరు చెక్కాను. గరిటెలు, కుర్చీలు, ఇడ్లీ రేకులు, టార్చిలైటు.

"నా మీద కూడా రాసేయండి. ఎవరైనా ఎత్తుకుపోతారు," అంది గ్రేస్.

నేను లిస్టు చూసి, "నువ్వు సామాన్ల కింద రావు," అన్నాను. ప్రేమగా అన్నమాటే. ఆవిడ అలా తీసుకోలేదు.

ఇక చీర. గ్రేస్ చెల్లెలు రూతు విన్నిపెగ్‌లో ఉంటుంది. వాళ్ళమ్మాయి షారోనుకి శనివారం పొద్దున చర్చిలో పెళ్ళి. ఇండియా నుంచి తెప్పించిన తెల్ల పట్టుచీర మీద గ్రేస్ మూడు నెలలపాటు రెండు కళ్ళద్దాలు మార్చి మార్చి పెట్టుకుని ముత్యాలు కుట్టింది. ఒక్కో ముత్యం ఆవగింజ కన్నా కాస్త పెద్దది. అంచు పూర్తయిన రోజు దాన్ని మంచం మీద పరిస్తే వెన్నెల ఇంట్లోకి వచ్చినట్టనిపించింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇన్నేళ్ళూ నాతో ఉప్మా గురించి పోట్లాడిన చేతులేనా ఇవి అనుకున్నాను.

అలాంటిది ఇంకొకటి ఈ భూమ్మీద లేదు, శనివారంలోగా తయారయ్యే అవకాశమూ లేదు. రూతు రోజూ ఫోను.

"బావగారూ, చీర మీ పూచీ."

"ట్రైలర్ పోయినా చీర పోదమ్మా."

గ్రేస్ దాన్ని అట్టపెట్టెలో పెట్టి, మంచం పైన అల్మరాలో ఉంచి, నా వైపు తిరిగి వేలు చూపించింది. "దీని జోలికి మీరు రాకండి. ముట్టుకోవద్దు, కొలవొద్దు, పేరు చెక్కొద్దు."

సోమవారం బయల్దేరాం. మంగళవారం సాయంత్రం సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక పార్కులో ఆగాం. దాన్ని సరస్సు అని ఎవరన్నారో గానీ, నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నన్ను మోసం చేయలేరు. అవతలి గట్టు లేదు. అలలున్నాయి. ఉప్పు వేయడం ఒక్కటి మర్చిపోయారంతే. నీళ్ళ ముందు నిలబడి దోసిలిలో తీసుకుని తాగాను. సముద్రాన్ని తాగుతున్నట్టు ఒళ్ళు జలదరించింది. డైరీలో వర్ణించబోయి, "పెద్దది" అని ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాను.

డైరీలో ఆ రోజు రాసిన రెండో ముక్క: "ట్రక్కు డ్రైవర్ తలుపు నుంచి ఎడమ చేతి వైపు ఇరవై ఆరు అడుగులు, మన ట్రైలర్." కొత్త చోటికి వెళ్తే అడుగులు కొలిచి పెట్టుకోవడం నా అలవాటు. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

బుధవారం పొద్దున జలపాతం చూసొచ్చి, మధ్యాహ్నం విన్నిపెగ్ దారి పట్టాలని మా ప్లాను. ట్రైలర్‌ని క్యాంపులో వదిలి ట్రక్కులో వెళ్ళాలి. లేచి చూస్తే బయట పొగమంచు. నా చెయ్యి నాకు కనబడుతోంది గానీ వేళ్ళు లెక్కపెట్టడం కష్టం. దొంగలకు ఇంతకన్నా అనువైన వాతావరణం ఉంటుందా?

గ్రేస్ స్నానానికి పార్కువాళ్ళ బాత్రూములకు వెళ్ళింది. నేను అల్మరా వైపు చూశాను. దొంగ అనేవాడు లోపలికొస్తే మొదట వెతికేది అల్మరాయే. మన ఇళ్ళల్లో బంగారం ఎక్కడ దాస్తారు? బియ్యం డబ్బాలో. చీరను పెట్టెలోంచి తీసి, శుభ్రమైన దుప్పట్లో చుట్టి, సోనామసూరి బియ్యం సంచిలో పెట్టాను. నీళ్ళ గొట్టాలుండే ముందు డిక్కీలో ఆ సంచి పడేస్తే ఎవడూ కన్నెత్తి చూడడు. నా తెలివికి నేనే ముగ్ధుణ్ణయ్యాను.

దారిలో నిలబెట్టిన ట్రక్కు వెనక తొట్టిలో తాళాల సంచి ఉంది. దాని పక్కన బియ్యం సంచి పెట్టి, చెత్త పారేయడానికి వెళ్ళాను. ఎలుగుబంట్ల భయం వల్ల ఆ చెత్త డబ్బా మూత తెరవడం ఒక చదువు. పది నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేసరికి గ్రేస్ స్టీరింగు ముందు కూర్చుని ఉంది, ఇంజను ఆన్‌లో ఉంది.

"ఏమండీ, త్వరగా రండి!"

"తాళాలేసి వస్తాను."

"తాళం నేనేశానండీ."

"నువ్వు వేసింది తలుపుకి. అది లెక్కలోకి రాదు."

రెండు సంచులూ భుజాన వేసుకుని, ఎడమ చేతి వైపు ఇరవై ఆరు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. సరిగ్గా ఇరవై ఆరో అడుగు దగ్గర కొక్కెం మోకాలికి తగిలింది. పద్ధతి అంటే ఇదీ! డిక్కీని తాళంచెవితో తెరిచి, గొట్టాల కింద బియ్యం సంచి దాచి, బయట అయిదో తాళం వేశాను. మిగతా నాలుగూ బిగించి, ఒక్కోదాన్ని మూడేసిసార్లు లాగి చూసి, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా మునివేళ్ళ మీద వెనక్కొచ్చాను.

జలపాతం గురించి నేనేం చెప్పను? కొండ మొత్తం కరిగి కిందికి వస్తున్నట్టుంది. ఆ హోరులో నేను జీవితంలో మొదటిసారి తాళాల సంగతి మూడు గంటలపాటు మర్చిపోయాను. గ్రేస్ నా చెయ్యి పట్టుకుని ఏదో అంది, వినబడలేదు. తర్వాత అడిగితే "దేవుని కార్యాలు" అందట.

తిరిగొచ్చేసరికి ఎండ కాస్తోంది. ఎదుటి ట్రైలర్ దగ్గర ఎవరో నలుగురు మూగి ఉన్నారు, పిక్నిక్కేమో అనుకున్నాను. మా ట్రైలర్ మా చోట ఉంది. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను.

"గ్రేస్! తాళాలు లేవు!"

"ట్రైలరుందిగా?"

"ట్రైలరుంది. తాళాలు ఎత్తుకుపోయారు. అయిదూ!"

గీత పడలేదు. ఇనుప పొట్టు రాలలేదు. గొలుసు కట్టిన జాడే లేదు. లోపల ఎక్కడో ఆ పనితనానికి దణ్ణం పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన పని చూడలేదు. తర్వాత డిక్కీ గుర్తొచ్చింది. పరుగెత్తి తెరిచాను. గొట్టాలున్నాయి. బియ్యం సంచి లేదు.

అంతలో లోపల్నుంచి గ్రేస్ గొంతు. "ఏమండీ... పెట్టె ఖాళీగా ఉందేంటి?"

"నేనే తీశాను."

"తీసి?"

"డిక్కీలో పెట్టాను. బియ్యం సంచిలో."

"నా చీరని బియ్యం సంచిలోనా?"

"దొంగలకు అనుమానం రాకుండా..."

"ఇప్పుడెక్కడుంది?"

నేను తెరిచి ఉన్న ఖాళీ డిక్కీ వైపు చూపించాను. ఆవిడ అరవలేదు. మెట్టు మీద కూర్చుని, ముత్యాలు కుట్టి కుట్టి గరుకుబారిన తన వేలి కొసలు చూసుకుంది. అరిచినా బాగుండేది. జేబులో ఫోను మోగింది. రూతు. ఇద్దరం దాని వైపు పామును చూసినట్టు చూశాం.

పార్కు ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి వార్డెను, టోపీ పెట్టుకున్న పొడవాటి ఆవిడ, నాతోపాటే వచ్చింది. నోట్‌బుక్ తీసింది.

"ఏం పోయాయి సార్?"

"అయిదు తాళాలు, రెండు బిగింపులు, ఒక గొలుసు. ఒక పెళ్ళిచీర."

ఆవిడ రాయడం ఆపింది. "బిగింపులు పసుపు రంగువా?"

"అవును! దొంగ దొరికాడా?"

"దొంగ సంగతి తెలీదు. మీకు తాళాలు పోయాయంటున్నారు. ఆ ఎదుటివాళ్ళు పొద్దున్నుంచి తాళాలు వచ్చాయని కంప్లైంట్ చేస్తున్నారు."

తిరిగి చూశాను. దారికి అవతల తెల్లటి ట్రైలర్. పక్కన నీలం గీత. అదే అద్దె కంపెనీ, అదే పాత సరుకు. దాని రెండు చక్రాలకూ నా పసుపు బిగింపులు ఎండలో పొద్దుతిరుగుడు పువ్వుల్లా మెరుస్తున్నాయి.

"గ్రేస్, పొద్దున నువ్వు ట్రక్కు కదిపావా?"

"బయటికి తిన్నగా పోయేలా అదే చోట తిప్పి పెట్టాను. మీరు చెత్త పారేయడానికి వెళ్ళినప్పుడు. ఏం?"

ట్రక్కు తిరిగింది. ట్రక్కుతోపాటు నా ఎడమ చెయ్యీ తిరిగింది. ఇరవై ఆరు అడుగులు మాత్రం తిరగలేదు.

ఆ ట్రైలర్ యజమాని డగ్, ఆయన భార్య లిన్. ఇద్దరికీ యాభై దాటాయి. డగ్ చేతిలో పళ్ళు అరిగిపోయిన రంపం ఉంది. రెండు గంటలు కోస్తే గొలుసు మీద చిన్న గీత పడిందట. నన్ను చూడగానే ఆయనే ముందు, "సారీ," అన్నాడు.

"మీరెందుకండీ సారీ?"

"నిన్న మా కుక్కను తాడు లేకుండా వదిలాం. అందుకే పార్కువాళ్ళు బండిని కట్టేశారనుకున్నాం."

వార్డెను నిట్టూర్చింది. "పొద్దున్నుంచి నా దగ్గర నాలుగు నేరాలు ఒప్పుకున్నారు. ఒకటి పదేళ్ళ కిందటిది, వేరే పార్కులో."

"తాళాలు వేస్తుంటే చప్పుడు వినబడలేదా?" అని అడిగాను.

"వినబడింది," అంది లిన్. "ఎవరో పని చేసుకుంటున్నారు, మధ్యలో లేచి ఇబ్బంది పెట్టడం దేనికని ఊరుకున్నాం."

ఇలాంటి మనుషులుంటారా! నా ఇంటికి ఎవరైనా గొలుసు కడుతుంటే నేను ఇబ్బంది పెట్టడానికి మొహమాటపడతానా?

తాళంచెవుల గుత్తి తీశాను. నలుగురూ చుట్టూ నిలబడి, గారడీ చూస్తున్నట్టు చూశారు. కొక్కెం, ఒక చక్రం, రెండో చక్రం, గొలుసు. తాళం ఊడినప్పుడల్లా డగ్, "బాగా చేశారు," అంటున్నాడు. చివరగా డిక్కీ. బయటి తాళం తీసి, మా డిక్కీ తాళంచెవి పెట్టి తిప్పితే హాయిగా తెరుచుకుంది.

"మీ తాళంచెవి మాకెలా పట్టింది?" అంది లిన్.

డగ్ తన తాళంచెవితో మా డిక్కీ తెరిచి చూపించాడు. "వీటిల్లో చాలావాటికి ఒకటే తాళంచెవి." నేను అలాంటి ట్రైలర్‌ని కాపలా కాయడానికి అయిదు తాళాలు కొన్న మనిషిని. గడ్డి మీద కూర్చుండిపోయాను.

గ్రేస్ డిక్కీలో చెయ్యి పెట్టి బియ్యం సంచి బయటికి లాగింది. దుప్పటి విప్పింది. ఎండలో ఆ ముత్యాలు ఒక్కసారి వెలిగేసరికి వార్డెను టోపీ తీసేసింది. లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మీరు ఎటు వెళ్తున్నారు?" అని గ్రేస్ నెమ్మదిగా అడిగింది.

"హాలిఫాక్స్. పొద్దున ఎనిమిదికే బయల్దేరాల్సింది," అన్నాడు డగ్.

మేం వెళ్ళేది పడమర. హాలిఫాక్స్ తూర్పున, దేశం చివర. డిక్కీ తెరవాల్సిన పని పడేదాకా ఆ సంచి వాళ్ళతో ప్రయాణం చేస్తూనే ఉండేది. వార్డెను నోట్‌బుక్‌లో రాసుకున్నది గట్టిగా చదివింది. "అంటే, ఒక మనిషి భార్యకు తెలియకుండా చీర తీసి, సంచిలో దాచి, వేరేవాళ్ళ బండిలో ఎక్కించాడు. ఆ బండి కదలకుండా ఈ తాళాలు ఆపాయి. సార్, మీ తాళాలు చాలా బాగా పనిచేశాయి. దొంగ కూడా దొరికినట్టే."

శనివారం షారోను ఆ చీరలో చర్చిలోకి నడిచొస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. నేను అందరికన్నా ముందే లేచాను.

కనుక పెద్దలందరి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఎంత పొగమంచైనా, ఎంతటి దొంగల భయమున్నా, ఇకమీదట ఏ ట్రైలర్‌కైనా తాళం వేసేముందు దాని తలుపు తట్టి చూస్తాను. లోపల్నుంచి ఎవరైనా "సారీ" అంటే అది నాది కాదు.