గేటు దగ్గర తెలుగు లెక్చరర్

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో, భీమవరంలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరాను. గోడ మీది టైమ్‌టేబుల్ చూసి క్లాసుకు వెళ్తే అక్కడ ఇంకో టైమ్‌టేబుల్ నడుస్తోంది. గోడ మీదిది తనిఖీకి వచ్చేవాళ్ల కోసమట. అందులో ఇంగ్లిష్ అని రాసి ఉన్న పీరియడ్లలో నేను ఫిజిక్స్ చెప్పాలి. సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కుల కోసం అందరి చేతా సంస్కృతమే తీయించారు. అది కూడా పరీక్షల ముందు బట్టీ పట్టించడమే. ఇక తెలుగు లెక్చరర్ సత్యనారాయణ గారికి క్లాసే లేదు. స్టాఫ్ లిస్టులో పేరుండాలి కాబట్టి ఉద్యోగం తీయకుండా, గేటు దగ్గర పిల్లల ఐడీ కార్డులు చూడమని నిలబెట్టారు. ఎమ్మే చదివిన మనిషి!

ఇదేం పద్ధతని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "లాంగ్వేజెస్‌దేముందండి మేడమ్, చివర్లో చూసుకోవచ్చు" అన్నారు.

ఆ ఏడాది ఇంటర్ పరీక్షల్లో కాలేజీ ఫస్ట్ మా క్లాసు దుర్గ. వాళ్ల నాన్న రొయ్యల మేత కొట్లో గుమాస్తా. కాకినాడలో ఇంజినీరింగ్ సీటొచ్చింది. అక్కడ చేరాక, దసరా సెలవుల్లో మా ఇంటికొచ్చి, ఇంజినీరింగ్ టెక్స్ట్‌బుక్ బల్ల మీద పెట్టి, "మానేస్తానండి మేడమ్" అంది.

"ఏంటమ్మా, ఏమైంది?"

"అక్కడ నోట్స్ చెప్పరండి. చాప్టరు చదువుకుని రమ్మంటారు. ఎన్నిసార్లు చదివినా ఏం చెప్పాడో తెలీట్లేదండి. నాకు బుర్ర లేదండి."

అందులో ఆవిరి యంత్రం గురించిన ఇంగ్లిష్ పేరా ఒకటి చదవమన్నాను. గడగడా చదివింది. ఏం అర్థమైందంటే, కళ్లు మూసుకుని పేరా మొత్తం అప్పజెప్పేసింది. పోనీ తెలుగులో చెప్పమన్నాను. మళ్లీ ఆ ఇంగ్లిష్ వాక్యాలే అందుకుంది. పన్నెండేళ్లు బడికి పంపి, తల్లిభాషలో నాలుగు మాటలు తనంతట తాను కూర్చుకోవడం కూడా నేర్పకుండా వదిలేశారు ఈ పిల్లని. నాకు ఒళ్లు మండిపోయింది.

మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి వచ్చాం. ఇక్కడ ఏం జరుగుతోంది? ఈ వాక్యం పై వాక్యానికి కారణమా, ఫలితమా? ఇలా ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. పేజీ చివరికి వచ్చేసరికి తానే పెన్ను తీసుకుని, కింద ఉన్న లెక్క చేసేసింది. బుర్రకేం లోటు లేదు.

సెలవులయ్యాక ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, వారానికి రెండు పీరియడ్లు సత్యనారాయణ గారికి ఇమ్మని అడిగాను. ఆయన కిటికీలోంచి గేటు మీది ఫ్లెక్సీ చూపించారు. అందులో దుర్గ ఫోటో నవ్వుతోంది. "మనమ్మాయికి ర్యాంకొచ్చిందిగా, ఇంకేం కావాలండి?" అన్నారు. ఆ పిల్ల చదువు మానేస్తానంటోందని చెప్పాను. అది ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు చూసుకోవాలట!

అప్పటినుంచి నా పీరియడ్లోనే మొదటి పది నిమిషాలు పిల్లల చేత ఒక పేజీ మౌనంగా చదివించి, పుస్తకం మూయించి, సొంత మాటల్లో చెప్పించేదాన్ని. సిలబస్ వెనకబడుతోందని మెమో ఇచ్చారు. తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. దుర్గ సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా సత్యనారాయణ గారూ నేనూ కూర్చోబెట్టి చదివించాం. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు తప్పింది గానీ, మానలేదు.

చదివినది తనంతట తాను అర్థం చేసుకుని చెప్పలేని పిల్లకి ఏ సబ్జెక్టూ వచ్చినట్టు కాదు. ర్యాంకు వచ్చినా సరే, పక్కన ఎవరో కూర్చుని చెబితే తప్ప ఆమె చదువు ముందుకు సాగదు. ఇది తెలిసి కూడా భాషల పీరియడ్లు మింగేసేవాళ్లు పిల్లల్ని మోసం చేస్తున్నట్టే.

నేను రిటైరైన రోజు సాయంత్రం నా ఐడీ కార్డు గేటు దగ్గర అప్పగించి వెళ్లమన్నారు. తీసుకున్నది సత్యనారాయణ గారే.