అనాస పండు కథ చూశాక మా అమ్మ తిట్లు

మా చిన్నప్పుడు... బంద్ అంటే బడికి సెలవు, బొమ్మల సీడీకి పండుగ. తెలంగాణ కోసం రోడ్లన్నీ మూతపడ్డ రోజులవి. బచ్చన్నపేట దగ్గర మా ఊరికి జనగామ బస్సు ఆగిపోగానే పిల్లలమంతా మా టీవీ ముందు చేరేవాళ్ళం.

ఆ సీడీ మా చిన్నాయన దుబాయ్ నుంచి తెచ్చాడు. అక్కడ ఆయన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ దోస్తు ఇచ్చాడట. అన్నీ వాళ్ళ దేశపు పాత కథలు... మాటలు ఇంగ్లీషులో ఉండేవి, చిన్నాయన మన భాషలో చెప్పేవాడు. తాబేలును మోసం చేసిన కోతి చావుదెబ్బలు తింటుంటే మేం ఈలలు వేసేవాళ్ళం. కథ చివర వచ్చే నీతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు.

ఒక్క కథ వేరు... జ్వరంతో పడుకున్న తల్లి గంజి కాచమంటుంది. బద్ధకపు కూతురు గంటె కనపడలేదంటుంది. నీకు ఒళ్ళంతా కళ్ళు మొలవ అని తల్లి తిడుతుంది. అంతే, పిల్ల మాయం. పెరట్లో ఒళ్ళంతా కళ్ళతో అనాస పండు. తల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే, మూలన పత్తికాయలు ఒలుస్తున్న మా అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"గదేంది తమ్మీ... తల్లి తిడితే గట్ల తాకుతదా?"

"గదే నీతి వదినె. తల్లి నోటిమాట ఊకెనే పోదట" అన్నాడు చిన్నాయన, నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. కానీ పుట్టుకతో వచ్చిన అలవాటు ఎక్కడికి పోతుంది? "నీ నోట్ల మన్నువడ" అనకుండా మాకు అన్నం పెట్టిన రోజు లేదు. తిట్టలేదంటే మా మీద నిజంగా కోపమొచ్చినట్టు!

ఆ వారమే రోడ్డు మీద వంటావార్పు. ఊరి ఆడవాళ్ళంతా నడిరోడ్డున పొయ్యిలు పెట్టారు. డిగ్రీ చదివే మా అన్న కట్టెలు తేవాల్సింది పోయి, పోలీసు బండ్లు కనపడగానే జెండా పట్టుకుని ముందుకు ఉరికాడు.

"ముందటికి పోకురా... పోతే నీ కాళ్ళిరుగ!" పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అరిచింది.

"ఇరిగితే నువ్వెత్తుకొని తిప్పుదువు తియ్యే!"

అన్న నవ్వు ఇంకా అయిపోలేదు... లాఠీలు దిగాయి. ఉడుకుతున్న అన్నం గుండిగను తన్నేశారు. గంజి పడి కాళ్ళు కాలిన ఆడవాళ్ళు కేకలు పెడుతున్నారు. అన్న కిందపడ్డాడు. పడ్డవాణ్ణి చుట్టూ చేరి కొట్టారు. ఎండిన పత్తికట్టె విరిచినట్టు ఒక చప్పుడు... నాకు ఇప్పటికీ వినపడుతుంది. అమ్మ చేతిలోని గంటెతో వాళ్ళ మీద పడింది. ఆమె తలా పగిలింది. తారు మీద చెదిరిన తెల్లన్నం ఎర్రబడింది.

దవాఖానలో అమ్మ పోలీసులను ఒక్క మాట అనలేదు. "నా నోరు పాడుగాను... నేనే తిట్టిన, నా బిడ్డ కాలు నేనే ఇరగ్గొట్టిన" అంటూ పెదవి చిట్లి నెత్తురొచ్చేదాకా తన నోరే కొట్టుకుంది.

"గది బొమ్మల కథ వదినె! కొట్టింది గాళ్ళు!" అని చిన్నాయన ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆమె చెవికి ఎక్కలేదు. ఇంటికొచ్చి ఆయన ఆ సీడీ విరిచి పొయ్యిలో పడేశాడు.

తెలంగాణ వచ్చింది. అన్న కుంటుతూనే చిందేశాడు. అమ్మ మాత్రం ఆనాటి నుంచి ఎవరినీ తిట్టలేదు. అన్న కావాలని పాలు ఒలకబోస్తాడు, అర్ధరాత్రి ఇంటికొస్తాడు... "ఒక్కసారి తిట్టవే" అని బతిమాలతాడు. "సల్లగుండు బిడ్డా" అంటుంది. ఆ దీవెన వింటే మాకు ఏడుపొస్తుంది.

మీ అమ్మ నోరారా తిట్టిన తిట్టొకటి కింద రాయండి... అన్నీ మా అమ్మకు చదివి వినిపిస్తాను. ఏదో ఒకటి విని అలవాటుగా ఆమె నోరు జారితే చాలు.