భావనపాడు దారిలో బావ

పలాసలో మా ఇంటి నుంచి సైకిలు తొక్కడానికి మూడు మంచి దారులున్నాయి. మందస దాటి మహేంద్రగిరి కింది ఊళ్ళ దాకా ఒకటి. సోంపేట మీదుగా మహేంద్రతనయ ఏటిని అంటిపెట్టుకుని బారువ దాకా ఇంకొకటి. పూండి, నౌపడ మీదుగా ఉప్పు మళ్ళ మధ్య నుంచి భావనపాడు దాకా మూడోది. ఉద్యోగం విరమించాక పొద్దుటి పూటలన్నీ ఈ మూడింటికీ పంచేశాను. ఏ రోజు ఏ దారి తొక్కామో, గాలి ఎటు నుంచి కొట్టిందో, ఎక్కడ ఆగి టీ తాగామో డైరీలో రాసుకునేవాణ్ణి. డైరీ నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. ఆ పేజీల్లో అంతా ‘తొక్కాం’, ‘తాగాం’ అనే ఉంటుంది. ఇద్దరం ఉండేవాళ్ళం.

రెండో మనిషి మా చెల్లెలి భర్త, నా బావ. ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య వాళ్ళ ఊరు. పొలం పనులు తగ్గించుకున్నాక నన్ను చూసి తనూ ఒక గేర్ల సైకిలు కొనుక్కున్నాడు. గేర్లు మార్చడం మాత్రం చివరి దాకా నేర్చుకోలేదు. నాకన్నా చిన్నవాడే గానీ మహా నెమ్మది మనిషి. దారిలో కనిపించిన ప్రతి తోట దగ్గరా కాలు కింద పెట్టాలి, కాపు ఎలా ఉందో అడగాలి. అందుకని ఎక్కడికి వెళ్ళినా ముందు నేను చేరేవాణ్ణి. రెండో ఆయన ఏడని అడిగేవారు. వెనకాల వస్తున్నాడనేవాణ్ణి. కాసేపటికి నిజంగానే వచ్చేవాడు, తలకు ఎర్రంచు తువ్వాలు చుట్టుకుని, ఎవరో ఇచ్చిన జీడిపండు చప్పరిస్తూ.

మా వైపు కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. ఉద్దానంలో ఏ ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళిస్తారు, తర్వాత ఆ ఇంట్లో ఎవరికి జబ్బో చెబుతారు. బావకు మొదట కాళ్ళు వాచాయి. తర్వాత డయాలసిస్ కోసం ఆటోలో పలాస రావడం, పోవడం. నా సైకిలు పక్కన పెట్టి నేనూ ఆ ఆటోలోనే కూర్చునేవాణ్ణి. చివరికి ఒక మాఘమాసంలో పోయాడు.

దినాలు అయ్యాక మళ్ళీ సైకిలు తీశాను. నా గొలుసు చప్పుడుతో పాటు వెనక ఇంకో గొలుసు చప్పుడు వినిపించేది. రోడ్డు పక్క చెట్లకు తగిలి తిరిగొచ్చే శబ్దమని సర్దిచెప్పుకున్నాను. నౌపడ దాటాక ఒక చెట్టంటూ ఉండదు. అటూ ఇటూ ఉప్పు మళ్ళు, తెల్లటి ఉప్పు కుప్పలు, అవతల ఉప్పుటేరు. అక్కడా వినిపించింది. నేను తొక్కడం ఆపితే అదీ ఆగేది, నాకంటే ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ వేసవిలోనే భావనపాడు వెళ్ళాను. హార్బరుకు కాస్త ఇవతల, రోడ్డు పక్క ఇసుకలో చేపలు ఎండబెట్టే ఒకావిడ మాకు ఏళ్ళ తరబడి తెలుసు. చేతిలో ఎప్పుడూ కాకుల్ని తోలే వెదురు కర్ర. నన్ను పెద్దమావ అనేది, బావను చిన్నమావ అనేది. మేం కనిపిస్తే చాలు, ఎగతాళి మొదలుపెట్టేది.

“ఏటి పెద్దమావా, నల్లపూసైపోనారు! సిన్నమావేడి?”

“వెనకాల వస్తున్నాడు,” అన్నాను.

అనాలని అనుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ ప్రశ్నకు నోరు ఇచ్చే జవాబు అదే, అదే వచ్చేసింది.

“ఎప్పుడూ ఎనకాలేనేటి ఆ మావ! నత్తకి సైకిలిచ్చినట్టుంది,” అని నవ్వి ఆమె కాకుల మీదికి పోయింది. నేను టీ కూడా తాగకుండా తిరుగుముఖం పట్టాను.

మళ్ళీసారి వెళ్ళినప్పుడు ఆమే ఎదురొచ్చింది.

“ఓలమ్మా, ఆ రోజు నువ్వెల్లిపోయినాక వచ్చినాడు సిన్నమావ! ఎండు కవ్వళ్ళ సేపలు తీసుంచినాను, అట్టుకెల్లు మావా అని కేకేసినాను. ఆగితేనా? సెయ్యూపుకుంటా ఎలిపోనాడు.”

“ఎటు?” అన్నాను.

“ఎటేటి? నీ ఎనకాలే.”

దెయ్యాలను నమ్మే మనిషిని కాను. ఈ మధ్య టెక్కలి వైపు నుంచి సైకిలు వాళ్ళు కొందరు ఆ రోడ్డు మీద తిరుగుతున్నారు. ఎండకు తలకు గుడ్డ చుట్టుకున్న వాడెవడినో చూసి బావ అనుకుని ఉంటుంది. ఇది ఆ క్షణంలోనే నాకు తోచింది. తోచినా, నౌపడ దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఉంటే ఏం చెయ్యాలో తెలియదు. లేకపోతే ఏం చెయ్యాలో అసలే తెలియదు.

ఆమెకు నిజం చెప్పలేదు. ఆ రోజు నుంచి మిగతా దారులు తగ్గించి భావనపాడుకే ఎక్కువగా వెళ్ళాను. “ఈపాలి కూడా ఎనకాలేనేటి?” అని ఆమె అడిగేది, నేను తల ఊపేవాణ్ణి. కొండ దారిలో, ఏటి దారిలో అందరికీ తెలిసిపోయింది, అక్కడ బావ పోయాడు. ఈ దారిలో ఇంకా పోలేదు.

ఏడాది తిరిగింది, సంవత్సరీకం పెట్టారు. భర్త పోయిన ఏడాది లోపల మా వైపు ఆడవాళ్ళు ఒకరింటికి వెళ్ళరు. చెల్లి ఆ ఏడాదంతా ఇంట్లోనే ఉంది. సంవత్సరీకం మర్నాడు పెరట్లో కొబ్బరి మట్టలు చీలుస్తూ అడిగింది.

“అన్నియ్యా, ఆయన తిరిగిన దార్లు నాకు సూపిత్తావా?”

“రోడ్లమ్మా. అందులో ఏముంది చూడ్డానికి?”

“కళ్ళు మూసుకుంటే ఆ మంచమ్మీద మనిషే కనబడతన్నాడు. వాసిపోయిన కాళ్ళు, ఆ సూదులు. అంతకు ముందు మనిషి ఎంత తలుసుకున్నా రాటం లేదు. నీతో తిరిగినప్పుడు ఎలాగుండీవోడో నాను సూడలేదు కదా. ఆ దార్లలో ఏమైనా కనబడతాడేటో అని.”

తెలిసిన ఆటో అతణ్ణి మాట్లాడాను. నేను సైకిలు మీద ముందు, చెల్లి ఆటోలో వెనక. మేం తిరిగిన వేగంలోనే ఆమె చూడాలని నా పట్టుదల. మొదటి రోజు మందస చేరకముందే ఆటో అతను గోల పెట్టాడు.

“బాబుగారూ, ఈ నడక్కి నా బండికి నిద్దరొచ్చేత్తంది. అటు సూడండి, గేదెలు కూడా మనల్ని దాటీసి పోతన్నాయి!”

చెల్లి ఆ మాటకు నవ్వలేదు. మందస దాటాక జీడి తోటల మీదుగా మహేంద్రగిరి నీలంగా లేచింది. ఎత్తు మొదలయ్యే చోట ఆగి, “ఇక్కడ దిగి నడిచేవాడు. ఆయాసం అని ఒప్పుకునేవాడు కాదు, కొండ ముందు బండెక్కి పోకూడదు బావా అనేవాడు,” అని చెప్పాను. ఆమె దిగి ఆ ఎత్తు కొంత దూరం నడిచింది. కొండను చూసింది, రోడ్డును చూసింది. తిరిగొచ్చి ఆటోలో కూర్చుంది.

తర్వాతి వారం ఏటి దారి. తుఫాను తలలు విరిచేసిన కొబ్బరి చెట్లు ఇప్పటికీ కొన్ని తోటల్లో మొండాలుగా నిలబడే ఉన్నాయి. వాటి సందుల్లోంచి మహేంద్రతనయ ఇసుక మెరుస్తూ, మాయమవుతూ బారువ దాకా వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే చోట చెల్లి చాలాసేపు నీళ్ళలో నిలబడింది.

“కొండ కనబడింది, ఏరు కనబడింది,” అంది ఆటో ఎక్కుతూ. “ఆయన కనబడలేదన్నియ్యా.”

మూడో దారి మిగిలింది. ఒక ఆదివారం గాలి బాగా లేదన్నాను. ఇంకో ఆదివారం మోకాలు నొప్పన్నాను. చేపలావిడ అడుగుతుంది, నా చెల్లి ముందు అడుగుతుంది. అప్పుడు నేనేం చెప్పాలి? నిజం చెబితే ఆ దారిలో కూడా బావ పోతాడు. అబద్ధం చెబితే, చెల్లి ముఖం ఎలా చూడను?

“నీ మోకాలు నొప్పి ఆదివారమే వత్తాదేటి?” అంది చెల్లి ఫోనులో. “సోమవారం ఎల్దాం పద.”

సోమవారం బయల్దేరాం. తేలినీలాపురంలో వలస పక్షులు తిరిగి వెళ్ళిపోయే రోజులవి. చింతచెట్ల మీద గూళ్ళు సగం ఖాళీగా ఉన్నాయి. నౌపడ దాటాక ఉప్పు మళ్ళ మీద ఎండ కళ్ళలో గుచ్చుకుంది. ఆటో చప్పుడులో నాకు వెనక ఇంకేదీ వినిపించలేదు. దారి అంత ఖాళీగా ఎప్పుడూ అనిపించలేదు. చెల్లి తల బయటకు పెట్టి చూస్తూనే ఉంది. ఆ చూపు తెలిసి నేను ఎక్కడా ఆగి ఏమీ చెప్పలేకపోయాను.

చేపలావిడ దూరం నుంచే కర్ర ఊపింది.

“పెద్దమావా! ఈపాలి ఆటో కూడా తెచ్చినావా? సిన్నమావ అందులో తొంగున్నాడేటి?”

ఆటో ఆగింది. చెల్లి దిగింది. దాటవేయడానికి ఇంక చోటు లేదు.

“మా చెల్లెలు,” అన్నాను. “చిన్నమావ భార్య.”

ఆమె ముఖం వెలిగిపోయింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ గబగబా వచ్చింది. “ఓలమ్మా, సెల్లెమ్మా, నీ మొగుడి మీద నీకు సెప్పాల్సినవి బోల్డున్నాయి,” అంటూ దగ్గరికొచ్చి ముఖంలోకి చూసింది. ఆ చూపు నుదుటి దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి మెల్లగా చేతుల మీదికి దిగింది. గాజులు లేవు. ఆమె చేతిలో కర్ర వాలిపోయింది. కాకులు రెండు మూడు వచ్చి చేపల మీద వాలాయి. తోలలేదు.

“ఎప్పుడమ్మా?”

“మొన్న మాఘానికి ఏడాదయింది.”

ఆమె నా వైపు తిరిగింది. కోపగించుకుంటుందనుకున్నాను. ఆ ముఖంలో కోపం లేదు, భయం లాంటిదేదో ఉంది.

“మరైతే నాను సూసింది ఎవుర్ని మావా?”

టెక్కలి సైకిలు వాళ్ళ సంగతి చెబుదామని నోరు తెరిచాను. అంతలో చెల్లి ఆమె మణికట్టు పట్టుకుంది.

“సూసినావా? ఎప్పుడు?”

“ఎండాకాలం. ఆ మాఘం తరవాత.”

“ఆయన పోయినాకా?”

“ఆ.”

“ఎలాగున్నాడు?”

చేపలావిడ నన్ను మళ్ళీ ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను.

“కాళ్ళు?” అంది చెల్లి. “కాళ్ళు వాసున్నాయా?”

“కాళ్ళకేటమ్మా? సులువుగా తొక్కతన్నాడు. తలకి తువ్వాలు సుట్టుకున్నాడు. ఎర్రంచుది. నాను కేకేత్తే ఇలాగ సెయ్యూపినాడు.” ఆమె కర్ర లేని చెయ్యి ఎత్తి, భుజం దాకా లేపి, వదులుగా విసిరింది.

చెల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వు.

“అలాగే ఊపీవోడు. తోటలోంచి అన్నానికి పిలిత్తే అలాగే! వత్తన్నానని కాదు, రాననీ కాదు.”

చేపలావిడ ఒక గంప బోర్లించింది, చెల్లి దాని మీద కూర్చుంది. తర్వాత ఆ ఇద్దరికీ నేను కనిపించలేదు. బావ బేరం ఎలా ఆడేవాడో, నిప్పుల మీద కాల్చిన ఎండు చేపను నోరు కాల్చుకుంటూ ఎలా తినేవాడో, అది తిన్న సంగతి ఇంట్లో చెప్పొద్దని ఎలా బతిమాలేవాడో ఆమె చెబుతూంటే, నాకు తెలియనివే సగం. చెల్లి ఒక్కోటీ రెండేసి సార్లు చెప్పించుకుంది. ఆటో అతను హారను కొట్టబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

“ఆ రోజు ఎటెల్లినాడు?” అని అడిగింది చెల్లి.

చేపలావిడ కర్ర ఎత్తి నౌపడ రోడ్డు చూపించింది. ఉప్పు మళ్ళ మధ్య అది నిటారుగా, ఖాళీగా, చివర ఎండలో కరిగిపోతూ ఉంది. చెల్లి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

“కాస్త పక్కకి జరుగన్నియ్యా,” అంది. “అడ్డంగా ఉన్నావు.”

సైకిలు ఇసుకలోకి దించి పక్కకు జరిగాను.